మూలం చెప్పే పనిముట్టు ఎవరి చేతిలో ఉంది?

రాసిన ప్రతి మాటకూ ఆధారం చూపాలని మనం విద్యార్థులకు చెబుతూ ఉంటాం. చూపనివారిని బద్ధకస్తులనో, బాధ్యత తెలియనివారనో మందలిస్తాం. నేనూ చాలాకాలం అలాగే మందలించాను. ఆ మందలింపు నా మీదికే తిరిగివచ్చిన ఒక సంఘటనతో ఈ వ్యాసం మొదలుపెట్టక తప్పదు.

2012లో నేనూ మరి నలుగురు మిత్రులమూ కలిసి ఒక చిన్న వికీ పెట్టుకున్నాం. మా ప్రాంతంలో ఒకప్పుడు వెలువడి ఆగిపోయిన చిన్న పత్రికల గురించీ, సభల్లో పాడిన పాటల గురించీ దొరికినంత సమాచారం ఒకచోట చేర్చాలని మా ఉద్దేశం. అందులో ఒక పాట గురించి నేను రెండు వాక్యాలు రాశాను. ఆ పాట కర్త ఎవరో తెలియదని అప్పటికే సంకలనాల్లో స్థిరపడిపోయింది. కాని అది మొదట ఒక చిన్న పత్రికలో, కింద రచయిత పేరుతో సహా అచ్చయింది. ఆ సంచిక నేను రాసేనాటికి నా బల్ల మీదే ఉంది. ఒక పెద్దాయన తన ట్రంకుపెట్టెలోంచి తీసి, నాలుగు రోజుల్లో తిరిగివ్వమని ఇచ్చినది. నేను రచయిత పేరు రాశాను. సంచిక నెల, పుట సంఖ్య రాయలేదు.

కొన్నేళ్ళ తర్వాత ఒక పరిశోధక విద్యార్థిని నా దగ్గరికి వచ్చి, “సార్, ఈ మాటకు ఆధారం ఎక్కడుంది? మా గైడుగారు అడుగుతున్నారు” అంది. అప్పటికి ఆ పెద్దాయన లేరు. ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఆ పెట్టెలోని కాగితాలన్నీ తూకానికి వెళ్ళిపోయాయి. ఆ అమ్మాయి సిద్ధాంత గ్రంథంలో ఆ పాట మళ్ళీ అజ్ఞాత కర్తృకంగానే నమోదయింది. ఆమె చేసింది సరైన పని. ఒక మనిషి పేరు సాహిత్య చరిత్రలోంచి రెండోసారి చెరిగిపోవడానికి కారకుణ్ణి నేను.

ఎందుకు రాయలేదు? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వేధించింది. బద్ధకం వల్ల కాదు. ఆ రాత్రి నేను రెండు గంటలు ఆ ఒక్క మూలం రాయడానికే కూర్చున్నాను. పనిముట్టు నా చేతికి లొంగలేదు. విసిగి, రేపు చూద్దామని లేచాను. ఆ రేపు రాలేదు. ఆధారం చూపడమనేది కేవలం నీతికి సంబంధించిన విషయం కాదనీ, అది పనిముట్లకూ వాటి అందుబాటుకూ సంబంధించిన భౌతిక సమస్య కూడా అనీ నాకు అప్పుడు బోధపడింది. ఆ పనిముట్ల చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1

మూలం అనే మాట మనకు కొత్తది కాదు. మెదక్ ప్రాంతపు కొల్చారం వాడని పండితులు చెప్పే కొలచాల మల్లినాథసూరి, మూలం లేనిదేదీ రాయనని తన వ్యాఖ్యానాల మొదట్లోనే ప్రతిజ్ఞ చేసుకున్నాడు. ఆయన దృష్టిలో మూలమంటే తాను వ్యాఖ్యానిస్తున్న కావ్యమూ, దాని వెనుక ఉన్న శాస్త్రమూ. తెలుగు వికీపీడియాలో ఈనాడు ప్రతి వ్యాసం చివరా కనిపించే ‘మూలాలు’ అన్న శీర్షికలో ఆ మాటకు అర్థం కొంత మారింది. కాని రాసేవాడు పాఠకుడికి జవాబుదారీ అన్న భావం మారలేదు.

ఐరోపాలో ఈ జవాబుదారీతనం అచ్చుపుటలో ఒక రూపం తీసుకున్నది. 1697లో పియెర్ బేల్ వెలువరించిన చారిత్రక విమర్శనాత్మక నిఘంటువులో పుట పైభాగాన వ్యాసం కొద్దిగా ఉంటుంది. కింద రెండు నిలువు వరుసల్లో వివరణలు, ఆధారాలు, పూర్వులు చేసిన పొరపాట్ల పట్టిక పుటంతా ఆక్రమించి ఉంటాయి. అధికారం చెప్పింది కనుక నమ్మమనడానికి బదులు, ఇదిగో ఆధారం, మీరే చూసుకోండి అనడం ఆ కాలానికి సాహసం.

మన దగ్గర ఆధారం ఎంత పదునైన ఆయుధమో చూపినవాడు సురవరం ప్రతాపరెడ్డి. తెలంగాణంలో కవులు లేరన్న మాటకు ఆయన ఆవేశంతో జవాబు చెప్పి ఊరుకోలేదు. 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ ప్రచురించాడు. ఆ తర్వాత 1949లో వచ్చిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల శాసనాలను మించి కావ్యాల్లోని వర్ణనలనూ, సామెతలనూ, ఆటపాటలనూ సాక్ష్యాలుగా పిలిచాడు. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు అన్న ప్రశ్నకు సాహిత్యాన్నే మూలంగా చేశాడు. వాదం గెలవడానికి గొంతు పెద్దదైతే చాలదు, సంచిక నిండా పేర్లుండాలి.

అయితే అచ్చు యుగంలో కూడా పనిముట్టు సమస్య ఉన్నది. చేతి కంపోజింగు ఎరిగిన మిత్రులకు ఇది చెప్పనక్కర్లేదు. అధోజ్ఞాపిక పెట్టాలంటే చిన్న సైజు టైపు వేరే కేసులోంచి తీయాలి, పుట కొలత ముందే చూసుకోవాలి, ఒక నోటు పెరిగితే తరువాతి అంకెలన్నీ మార్చాలి. ఒకరిద్దరు కంపోజిటర్లున్న చిన్న ప్రెస్సులో, చందాల మీద బతికే పత్రికలో సంపాదకుడు మొదట కత్తిరించేది ఆ నోట్లనే. మన చిన్న పత్రికల వ్యాసాల్లో ఆధారాలు తక్కువగా కనిపించడానికి రచయితల అశ్రద్ధ ఒక్కటే కారణమని తీర్పు చెప్పేముందు ఈ సంగతి విస్మరించరాదు.

2

ఇక వికీల దగ్గరికి వద్దాం. 1995 మార్చి 25న అమెరికన్ ప్రోగ్రామర్ వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటి వికీని జనం ముందుంచాడు. హవాయి భాషలో ‘వికీ వికీ’ అంటే త్వరత్వరగా అని. హొనొలులు విమానాశ్రయంలో తిరిగే బస్సు పేరు విని ఆయన ఆ మాట తీసుకున్నాడు. ఎవరైనా పుట తెరవవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. అక్కడికి వచ్చినవారు ప్రోగ్రామర్లు. తమ అనుభవంలోంచి తాము మాట్లాడుకున్నారు. అందుచేత ఆ తొలి వికీలో మూలం చెప్పే ఏర్పాటు ప్రత్యేకంగా లేదు, దాని అవసరమూ వారికి కలగలేదు.

అవసరం విజ్ఞానసర్వస్వంతో వచ్చింది. జిమ్మీ వేల్స్, లారీ సాంగర్ 2000లో నుపీడియా అనే విజ్ఞానసర్వస్వం మొదలుపెట్టారు. దాన్ని నిపుణులే రాయాలి, ఏడు అంచెల పరిశీలన దాటాలి. అంత కట్టుదిట్టం చేస్తే పూర్తయిన వ్యాసాలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. దానికి తోడుగా 2001 జనవరి 15న వికీపీడియా పుట్టింది. మొదట క్లిఫర్డ్ ఆడమ్స్ రాసిన యూజ్‌మాడ్ అనే చిన్న సాఫ్ట్‌వేరు మీద నడిచింది. 2002లో మాగ్నస్ మాన్స్కే, ఆ తర్వాత లీ డేనియల్ క్రాకర్ దానికి కొత్త సాఫ్ట్‌వేరు రాశారు. అదే 2003లో మీడియావికీ అన్న పేరు తెచ్చుకుంది. ఎవరైనా తీసుకుని, మార్చుకుని, సొంత వికీ పెట్టుకోవచ్చునన్న స్వేచ్ఛా లైసెన్సుతో అది వెలువడింది. అదే ఏడాది డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయింది.

నిపుణుణ్ణి గడప దగ్గర నిలబెట్టినప్పుడు నమ్మకం అతని పేరు మీద ఆధారపడుతుంది. గడప తీసేశాక నమ్మకానికి మిగిలిన దారి ఒక్కటే: ఎవరు రాశారన్నది కాక, ఎక్కడినుంచి తెచ్చారన్నది. తనిఖీకి వీలుండాలన్న నియమం ఆంగ్ల వికీపీడియాలో 2003లోనే వచ్చింది. కాని నియమం ముందు వచ్చింది, పనిముట్టు వెనుక వచ్చింది. ఆ మధ్యకాలంలో రాసేవారు వాక్యం చివర చతురస్ర బ్రాకెట్లలో ఒక లింకు పెట్టి ఊరుకునేవారు, లేదా పుట చివర పుస్తకాల పేర్లు రాసేవారు. కొందరు వాక్యం దగ్గర ఒక గుర్తు, అడుగున దానికి జత గుర్తు చేత్తో పెట్టేవారు. మధ్యలో ఇంకొకరు వచ్చి ఒక పేరా పైకి జరిపితే వరుస మొత్తం తలకిందులయ్యేది. చేతి కంపోజింగు నాటి కష్టమే కంప్యూటరులో మళ్ళీ ప్రత్యక్షమయింది.

2005లో జాన్ సీగెంథాలర్ అనే అమెరికన్ పత్రికా రచయిత మీద ఒక అనామకుడు ఆంగ్ల వికీపీడియాలో అబద్ధం రాశాడు. కెన్నడీ సోదరుల హత్యల్లో ఆయనకు సంబంధం ఉన్నట్టు అనుమానాలున్నాయని ఆ రాత. మే నెలలో రాసిన ఆ మాట నెలల తరబడి అలాగే ఉండిపోయింది. సీగెంథాలర్ నవంబరు 29న ఒక దినపత్రికలో తన గోడు రాసుకునేదాకా లోకానికి తెలియలేదు. ఆధారం లేని వాక్యం ఒక మనిషిని ఏం చేయగలదో అందరికీ అర్థమయింది.

ఆ డిసెంబరులోనే ఐస్‌లాండ్‌కు చెందిన ఏవార్ ఆర్న్‌ఫ్యోర్ద్ బ్యార్మసన్ రాసిన ‘సైట్’ అనే పొడిగింపు మీడియావికీకి వచ్చింది. పై సంఘటనకు ఇది జవాబుగా వచ్చిందని నేను అనడం లేదు; రెండూ ఒకే అవసరంలోంచి పుట్టాయనడం మాత్రం తప్పు కాదు. దాని పద్ధతి సులువైనది. వాక్యం పక్కనే ‘రెఫ్’ అన్న రెండు గుర్తుల మధ్య మూలం రాస్తే చాలు, అంకె వేయడం, పుట అడుగున వరుసగా పేర్చడం యంత్రం చూసుకుంటుంది. పేరా జరిపితే మూలమూ దానితోపాటు జరుగుతుంది. పాఠకుడికి కనిపించేది ఒక చిన్న అంకె. దాని వెనుక కంపోజిటర్ల తరతరాల అవస్థ తీరిపోయింది.

3

కాని అసలు చిక్కు ఆ రెండు గుర్తుల మధ్య ఏం రాయాలన్న దగ్గర వచ్చింది. ఒకరు రచయిత పేరు ముందు రాస్తారు, ఒకరు పుస్తకం పేరు. అందరిదీ ఒక తీరుగా ఉండడానికి మూసలు తయారయ్యాయి. పుస్తకానికొక మూస, పత్రికకొక మూస, వెబ్ పుటకొక మూస. ఇంటిపేరు, పేరు, సంపాదకుడు, అనువాదకుడు, సంపుటి, సంచిక అంటూ గడులు పెరిగిపోయాయి. పెద్ద వ్యాసాల్లో వందలకొద్దీ మూసలు చేరి పుట తెరుచుకోవడమే ఆలస్యం కాసాగింది. అందుకని 2013లో లువా అనే భాషలో ఆ మూసలను తిరగరాశారు. అదే ఏడాది అక్షరాల వెనుక గుర్తులు కనిపించకుండా రాసుకునే విజువల్ ఎడిటర్ వచ్చింది. 2015 నాటికి ‘సైటాయిడ్’ అనే సేవ దానికి తోడయింది. లింకో, పుస్తకం సంఖ్యో ఇస్తే మూసలోని గడులన్నీ అదే నింపిపెడుతుంది. దాని వెనుక, అమెరికాలో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయపు చరిత్రకారుల కేంద్రం 2006లో విడుదల చేసిన జొటేరో అనే గ్రంథసూచీ పరికరం కోసం ఎందరో స్వచ్ఛందంగా రాసిన కోడ్ పనిచేస్తుంది.

ఇదంతా నిజమైన ప్రగతి. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఈ ప్రగతి ఎవరి ఇంట జరిగిందో కూడా చూడాలి. వికీపీడియాకు సర్వర్లున్నాయి, జీతం తీసుకునే ఇంజనీర్లున్నారు, మూసలను కనిపెట్టుకునే వందలాది కార్యకర్తలున్నారు. మీడియావికీ మాత్రం అందరిదీ. ఒక గ్రామ చరిత్రకో, ఒక కార్మిక సంఘం జ్ఞాపకాలకో, ఒక పత్రిక పాత సంచికలకో సొంత వికీ పెట్టుకున్నవాడికి సాఫ్ట్‌వేరు ఉచితంగా వస్తుంది. దాని చుట్టూ పెరిగిన శ్రమ మాత్రం వెంట రాదు.

నా అనుభవమే చెబుతాను. 2012లో ఆ రాత్రి, ఆంగ్ల వికీపీడియాలోని పుస్తకం మూస ఒక్కటే తెచ్చుకుందామనుకున్నాను. అది మరొక మూస మీద, అది ఇంకొక దాని మీద ఆధారపడి ఉంది. ఒకటి లాగితే డొంకంతా కదిలినట్టు పదుల కొద్దీ పుటలు వచ్చిపడ్డాయి. తీరా భద్రపరిస్తే నేను రాసిన మూలం స్థానంలో మీసాల బ్రాకెట్లూ, ‘ఇఫ్’ ‘ఇఫ్’ అన్న ముక్కలూ కనిపించాయి. ఆ షరతులను అర్థం చేసుకునే పొడిగింపు మా వికీలో తెరిచి లేదని తర్వాత ఎప్పుడో తెలిసింది. లువా వచ్చాక మరొకసారి ప్రయత్నించాను. మాది నలుగురితో పంచుకునే చౌక అద్దె సర్వరు. బయటి ప్రోగ్రాములు నడపడం అక్కడ నిషేధం, లువా నడవదు. సైటాయిడ్‌కు వేరే సేవలు రాత్రింబగళ్ళు నడుస్తూ ఉండాలి. అది మా తాహతుకు మించిన మాట.

2020లో వచ్చిన మీడియావికీ 1.35తో విజువల్ ఎడిటర్ పెట్టెలోనే కలిసి వచ్చింది, దానికోసం వేరే సేవ నడపవలసిన పని తప్పింది. ఇది చిన్నవాళ్ళకు పెద్ద ఊరట. సాదా ఫైళ్ళ మీదే నడిచే డోకువికీ వంటి వాటిలో 2004 నుంచీ జంట కుండలీకరణాల మధ్య రాస్తే అధోజ్ఞాపిక తయారయ్యే సులువు ఉంది. కాని అక్కడ గడులు లేవు. ఎవరికి తోచినది వారు రాస్తారు, రేపు వెతకబోతే రచయిత ఎవరో పుట ఏదో యంత్రం విడదీయలేదు. సులువు ఉన్నచోట క్రమం లేదు, క్రమం ఉన్నచోట సులువు లేదు. స్వతంత్ర వికీల చరిత్రంతా ఈ వైరుధ్యం చుట్టూ తిరుగుతున్నది.

4

సర్వరు సమస్య తీరినా మన సమస్య తీరదు. ఈ యంత్రాలు దేన్ని గుర్తుపడతాయి? 1970 నుంచి అంతర్జాతీయ ప్రమాణమైన పుస్తక సంఖ్య ఉన్న పుస్తకాన్ని గుర్తుపడతాయి. 2000 తర్వాత పరిశోధన పత్రాలకు విస్తృతంగా ఇస్తూ వచ్చిన డిజిటల్ గుర్తింపు సంఖ్య ఉన్న వ్యాసాన్ని గుర్తుపడతాయి. సక్రమంగా నిర్మించిన వెబ్ పుటను గుర్తుపడతాయి. మన లిఖిత పత్రికలకూ, కరపత్రాలకూ, రెండు సంచికలతో ఆగిపోయిన చిన్న పత్రికలకూ ఏ సంఖ్యా లేదు. సంఖ్య ఉన్నదాన్ని ఉదహరించడానికి ఒక్క నొక్కు, లేనిదాన్ని ఉదహరించడానికి పదిహేను గడులు. అలసిన మనిషి ఏది ఉదహరిస్తాడు? ఈ విధంగా, ఎవరూ కుట్ర చేయకుండానే, పెద్ద ప్రచురణ సంస్థల రచన మరింత ప్రామాణికమూ, చిన్నవాడి రచన మరింత అజ్ఞాతమూ అవుతాయి.

పేర్ల సంగతి చూడండి. మూస ‘మొదటి పేరు, చివరి పేరు’ అడుగుతుంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. శ్రీరంగం శ్రీనివాసరావులో శ్రీరంగం చివరి పేరట! అదీ రాశాక శ్రీశ్రీ ఎక్కడికి పోవాలి? భాగవతుల సదాశివ శంకరశాస్త్రిని ఆరుద్ర అని కాక మరేపేరుతో వెతుకుతారు? కలంపేరే అసలు పేరైన సాహిత్యం మనది. ఆ గడి మూసలో ఉండదు.

రాజ్ రెడ్డి నాయకత్వాన సాగిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా, భారత డిజిటల్ లైబ్రరీలో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. చిత్తూరు జిల్లాలో పుట్టిన ఒక శాస్త్రవేత్త చలవ అది. కాని వాటి పేర్లను ఆంగ్ల లిపిలో, ఎవరికి తోచిన వర్ణక్రమంతో వారు ఎక్కించారు. పుస్తకం ఉంటుంది, దాని పేరు దొరకదు. యంత్రం ఆ తప్పు పేరునే తెచ్చి మన మూలంలో నిక్షేపంగా పెడుతుంది.

ఇక కాగితం మీద లేనివాటి మాట. 2011లో అచల్ ప్రభల నాయకత్వాన, వికీమీడియా ఫౌండేషన్ సాయంతో, మౌఖిక మూలాల మీద ఒక ప్రయోగం జరిగింది. మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడీ భాషల్లో జనం చెప్పిన మాటలను ధ్వనిముద్రణ చేసి, ఆ ముద్రణనే మూలంగా చూపారు. అచ్చయినదే ఆధారమైతే అచ్చుకు నోచుకోని జనానికి చరిత్ర ఉండదన్న వాదన దాని వెనుక ఉంది. పాటల మీద పనిచేసే మనలాంటివారు ఆ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం.

5

ఆ విద్యార్థిని వెళ్ళిపోయాక మేం చేసిన పని చిన్నది. పెద్దవాళ్ళ మూసలన్నీ తీసేసి, లువా అక్కర్లేని మూస ఒకటి తెలుగులో రాసుకున్నాం. గడులు ఆరు: రచయిత పేరు, అచ్చులో ఉన్నది ఉన్నట్టుగా, రచన పేరు, దేనిలో వచ్చింది, ఎప్పుడు, ఏ పుట, ఆ ప్రతిని మీరు ఎక్కడ చూశారు. విడదీయడానికి వీలుగా గడులుండాలి, రాయడానికి విసుగు పుట్టనంత తక్కువ ఉండాలి. విజువల్ ఎడిటర్ పట్టీలో ఆ మూసకొక బొత్తాం పెట్టుకున్నాం. చెప్పిన మాటకు మరొక మూస: చెప్పినవారు, ఊరు, తేదీ, విన్నవారు. ఆరో గడి ఏ పెద్ద మూసలోనూ ఇంత ముఖ్యంగా లేదు. మా కష్టం మాకు నేర్పినది అది. ప్రతి ఎవరి పెట్టెలో ఉందో రాసి ఉంటే, ఆ ఇల్లు ఖాళీ చేసేనాడు ఎవరో ఒకరు పరుగెత్తి ఉండేవారు.

ఫలితం కనిపించింది. అంతకుముందు ఎన్నిసార్లు బతిమాలినా మూలం రాయని మిత్రులు ఇప్పుడు అడగకుండానే రాస్తున్నారు. వారి నీతి మారలేదు, పనిముట్టు మారింది.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయరాదు. మూలం చూపడం మరీ సులువైతే చదవకుండానే చూపించే అలవాటు రాదా? వస్తుంది. వచ్చింది కూడా. 2023లో న్యూయార్కు ఫెడరల్ కోర్టులో ఇద్దరు న్యాయవాదులు, సంభాషణ యంత్రం కల్పించి ఇచ్చిన లేని తీర్పులను ఉదహరించి 5,000 డాలర్ల జరిమానాకు గురయ్యారు. పేరు, సంపుటి, పుట అన్నీ ఉన్నాయి, తీర్పు లేదు. మూలం ఆకారం తయారుచేయడం ఈనాడు క్షణం పని. లింకులు కూడా శాశ్వతం కావు. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2018 నాటికి వికీపీడియాల్లో చచ్చిపోయిన 90 లక్షలకు పైగా లింకులను బతికించవలసి వచ్చింది. కనుక యంత్రం గడులు నింపవచ్చు, చూశానన్న సాక్ష్యం మాత్రం మనిషే చెప్పాలి. మా ఆరో గడి ఉన్నది అందుకే. కష్టం తీసేయవలసింది రాతలోంచి, చదవడంలోంచి కాదు.

ఆ పాట పుట ఇప్పటికీ మా వికీలో ఉంది. రచయిత పేరు పక్కన ‘ఆధారం చూపాలి’ అన్న గుర్తు నేనే పెట్టాను. ఆ పత్రిక మరో ప్రతి ఎక్కడో ఒక గ్రంథాలయం అటక మీదో, ఎవరి ఇంటి పెట్టెలోనో ఉండవచ్చు. చదువుతున్న మిత్రులు తమ ఇళ్ళలోని పాత సంచికలు తూకానికి వేసేముందు ఒకసారి తెరవాలి. తెరిచినవారు పత్రిక పేరు, నెల, పుట ఆ రోజే రాసిపెట్టాలి. రేపు రాద్దామనుకోవడం వల్ల ఏం జరుగుతుందో నేను చెప్పాను.